మొక్కుకున్న సేవ ఇంటికి బరువైనప్పుడు

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె కతోలిక క్రైస్తవురాలు. నలభై రెండేళ్లు. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. భర్తదీ ఉద్యోగమే. ఒక్కతే కూతురు, పదో తరగతి చదువుతోంది. భర్తను పోగొట్టుకున్న అత్తగారు వీళ్లతోనే ఉంటారు. తొమ్మిదేళ్ల కిందట భర్తకు పెద్ద జబ్బు చేసింది. డాక్టర్లు ఏ మాటా చెప్పలేని ఒక రాత్రి, ఆమె ఆసుపత్రి వరండాలో మోకరించి, “ఈయన్ని నాకు తిరిగి ఇస్తే, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం నీ గుడికి సేవ చేస్తాను, నా జీతంలో పదో వంతు నీకిస్తాను” అని మొక్కుకున్నారు. ఆయన కోలుకున్నారు. ఆమె మాట నిలబెట్టుకున్నారు.

మొదట ఆదివారం పిల్లలకు సత్యోపదేశం (క్రైస్తవ విశ్వాస పాఠాలు) చెప్పడంతో మొదలైంది. ఆ పిల్లల గురించి రాసిన పేరాలన్నీ సంతోషంగా ఉన్నాయి. తర్వాత గాయక బృందం బాధ్యత వచ్చింది. ఆపైన పీఠం (పూజ జరిగే బల్ల) అలంకరణ, పీఠం బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడం. విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధిలో) రోగులను చూసి వచ్చే ఒకావిడ వేరే చోటికి వెళ్లిపోతే ఆ పనీ ఈమెదే అయింది. లెక్కలు తెలిసినావిడ కదా అని కొత్త చర్చి నిర్మాణ నిధి రసీదు పుస్తకాలు కూడా ఇచ్చారు. “ఏదీ నేను అడిగి తెచ్చుకున్నది కాదు, ఏదీ వద్దనలేదు” అని రాశారు.

గత ఏడాది అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. అదే సమయంలో నిర్మాణ నిధికి ఎవరెంత ఇస్తారో పూజ అయ్యాక పేరుపేరునా పిలిచి అడిగారు. అందరూ తన వైపు చూస్తుంటే తక్కువ చెప్పలేక, తాహతుకు మించిన మొత్తం చెప్పేశారు. సగం కట్టడానికి ఆఫీసులో అప్పు తీసుకున్నారు. భర్తకు చెప్పలేదు. మిగతా సగం ఇంకా కట్టాలి. ఈమధ్య కూతురు, “నీ క్లాసు పిల్లలందరి పేర్లూ వాళ్ల పుట్టినరోజులూ నీకు తెలుసు. నా పరీక్షలు ఎప్పుడో చెప్పు చూద్దాం” అంది. ఆమె చెప్పలేకపోయారు. భర్త పోట్లాడరు, కానీ మాటలు తగ్గించేశారు. గాయక బృందమైనా వదిలేస్తానని విచారణ గురువుల (ఫాదర్ గారి) దగ్గరికి వెళ్తే, “పేద విధవరాలు తనకున్నదంతా ఇచ్చేసిందమ్మా, నువ్వు కాస్త సమయం ఇవ్వలేవా?” అన్నారట.

ఇంకొక సంగతి సిగ్గుపడుతూ రాశారు. పండగలకు మాత్రమే కనిపించే కుటుంబాలకు ముందు వరసలో చోటు, మైకులో పేర్లు. అది చూస్తే ఆమెకు ఒళ్లు మండుతోంది. “నోరు పాడుతోంది, లోపల కోపం ఉడుకుతోంది. ఇలా చేసే సేవ దేవుడికి చేరుతుందా? ఆపితే మాట తప్పినదాన్ని. ఆపకపోతే ఇంటికి ద్రోహం చేసినదాన్ని. ఏం చేయాలో చెప్పండి.”

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నలోనే ఒక చిక్కుంది. ఆపడం, ఆపకపోవడం అని రెండే దారులున్నట్టు రాశారు. మీ ఉత్తరం చదివితే అక్కడున్నది ఒక్క విషయం కాదు. దేవుడితో మీరు చేసుకున్న మొక్కుబడి ఒకటి. విచారణలో ఒక్కొక్కటిగా మీ మీదకు వచ్చి చేరిన పనులు వేరు. అందరి ముందూ నోరు జారి చెప్పిన మొత్తం వేరు. దాచిన అప్పు వేరు. ఈ కోపం మరీ వేరు. ఇవన్నీ కలిసి ఒకే ముడిగా బిగుసుకుపోయాయి. అందుకే ఒక్క పని తగ్గించాలన్నా దేవుడికిచ్చిన మాట మొత్తం విరిగిపోతుందని మీకు భయం వేస్తోంది. దేన్నైనా విడిగా తీసి చూస్తే అంత భయపెట్టదు.

ఆ విధవరాలి సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మాట మీకు బాగా గుచ్చుకుందని తెలుస్తూనే ఉంది. మార్కు సువార్త 12వ అధ్యాయం చివర్లో ఆమె కనిపిస్తుంది. దేవాలయంలో కానుకల పెట్టె ఎదురుగా యేసు ప్రభువు కూర్చుని చూస్తున్నారు. ధనవంతులు పెద్ద పెద్ద మొత్తాలు వేస్తున్నారు. ఈమె వచ్చి రెండు చిన్న నాణేలు వేసింది. రెండున్నాయి కాబట్టి ఒకటి దాచుకుని ఒకటి వేసినా తప్పుపట్టే వాళ్లెవరూ లేరు. ఆమె రెండూ వేసింది. అందరికంటే ఎక్కువ వేసింది ఈమేనని ప్రభువు అన్నారు. ఈ త్యాగాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. మిగిలింది ఇవ్వడం దానం. తనకు కావలసిన దాంట్లోంచి ఇవ్వడం త్యాగం. క్రైస్తవ జీవితంలో ఆ రెండోదానికి చోటు లేకపోతే సిలువకు కూడా చోటు ఉండదు. కాబట్టి హాయిగా ఉన్నంతవరకే చేయండి, కష్టం అనిపించగానే మానేయండి అని నేను చెప్పబోవడం లేదు.

కానీ ఆ దృశ్యాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. ఎంత వేస్తావని ఆమెను ఎవరూ అడగలేదు. వేసింది చాలదని ఎవరూ అనలేదు. ఆమె పేరు ఎవరూ చదవలేదు. ఆ రెండు నాణేలూ పూర్తిగా ఆమెవి. తన బతుకుతెరువంతా వేసింది అని సువార్త అంటుంది, ఇంకొకరిది వేసిందని అనదు. దానికి సరిగ్గా పై వచనంలో, దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవల ఇళ్లను మింగేస్తున్న ధర్మశాస్త్ర బోధకులను ప్రభువు తీవ్రంగా ఖండించారు. ఆ రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల, ప్రభువు ఆమెను మెచ్చుకుంటూనే, ఆమెను ఆ స్థితికి తెచ్చిన వాళ్లను చూసి బాధపడ్డారని చెప్పే వ్యాఖ్యాతలున్నారు. ఎలా చదివినా ఒకటి మాత్రం స్పష్టం. ఆ విధవరాలు తనంతట తాను ఇచ్చింది. ఆమెను చూపించి ఇంకొకరిని ఇవ్వమని ఒత్తిడి చేయడానికి ఆ కథలో ఆధారం లేదు.

మీ ఫాదర్ గారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. గాయక బృందం కూలిపోతుందన్న కంగారులో నోటికి వచ్చిన మాట అయి ఉండొచ్చు. విచారణ నడపడం ఆయనకూ భారమే. కానీ ఆ మాటను దేవుడి తీర్పుగా మీరు మోయనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. త్యాగం చేయాలంటే ముందు ఆ వస్తువు మనదై ఉండాలి. మీరు ఇన్నేళ్లుగా గుడికి ఇస్తున్నవాటిలో మీవి చాలా ఉన్నాయి. మీ నిద్ర, మీ సెలవు రోజులు, మీ జీతంలో పదో వంతు, మీ గొంతు. వాటిని మీరు మనస్ఫూర్తిగా ఇచ్చారు. దేవుడు వాటిని అందుకున్నాడని నేను నమ్ముతున్నాను. కానీ కొంతకాలంగా వాటితోపాటు మీవి కానివి కూడా వెళ్తున్నాయి. మీ అమ్మాయికి మీరు బాకీ ఉన్న సాయంత్రాలు ఆమెవి. అప్పు తీర్చడానికి నెలనెలా పోయే డబ్బు ఇంటిది, అంటే అందులో మీ వారిది కూడా ఉంది. అప్పు దాచినప్పుడు మీకు తెలియకుండానే ఆయన నమ్మకాన్ని కూడా ఆ పెట్టెలో వేశారు. ఇవి మీ చేతిలో ఉన్నాయి కానీ మీ సొంతం కావు.

యేసు ప్రభువు దీని గురించి సూటిగానే మాట్లాడారు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో కొర్బాను ప్రస్తావన వస్తుంది. తల్లిదండ్రులకు ఆసరా కావలసిన సొమ్మును ‘ఇది దేవుడికి అర్పితం’ అని పక్కన పెట్టేసి, వాళ్లకు ఏమీ చేయకుండా ఉండే అలవాటు అది. దేవుడి పేరు మీద చేశారు కదా అని ఆయన మెచ్చుకోలేదు. మీ సంప్రదాయం కోసం దేవుని మాటను కొట్టిపారేస్తున్నారని అన్నారు. మీరు కావాలని అలా చేశారని నేను అనను. మీ మనసు అలాంటిది కాదు. కానీ దేవుడికి ఇచ్చినది ఏదైనా సరైనదే అయి తీరుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఆ నమ్మకాన్ని ప్రభువే ఒప్పుకోలేదు.

17వ శతాబ్దంలో ఫ్రాన్సులో పేదల సేవకు జీవితం ధారపోసిన పునీత విన్సెంట్ డి పాల్, 1633లో మొదలైన తన సిస్టర్ల సమూహానికి తరచూ చెప్పిన మాట ఒకటుంది. ప్రార్థనలో ఉండగా రోగి పిలిస్తే లేచి వెళ్లండి, అది దేవుణ్ణి విడిచి దేవుడి దగ్గరికే వెళ్లడం అని. మీ ఇంట్లో ఒక విధవరాలు మంచంలో ఉన్నారు. ఆమెకు పక్క మార్చడం, ఒళ్లు తుడవడం విచారణ రోగుల జాబితాలో లేకపోవచ్చు. కానీ మీరు మొక్కుకున్న సేవలో అది లేదని ఎవరు చెప్పగలరు?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుడి పని తగ్గించుకుని ఇంటి పనంతా నెత్తిన వేసుకోమని నేను అనడం లేదు. ఆమె మీ వారి తల్లి. ఆయన కోలుకున్న మనిషి, ఉద్యోగం చేస్తున్న మనిషి. రాత్రి ఒక వంతు ఆయన లేవగలరు. మందుల లెక్క ఆయన చూసుకోగలరు. ఆయన మాటలు తగ్గించడానికి కారణం మీరు గుడికి వెళ్లడం ఒక్కటేనా, లేక ఇంట్లో తల్లి భారం ఎలా పంచుకోవాలో తోచకపోవడం కూడానా, అడిగితేగానీ తెలియదు. నోరు విప్పి అడగండి.

మొక్కుబడి విషయంలో మీకు ఉన్నంత భయం అక్కర్లేదు. కతోలిక తిరుసభ చట్టం (1983లో వచ్చిన కానన్ చట్టం) దీన్ని ఎంతో ఆలోచించి రాసింది. 1191వ నిబంధన ప్రకారం మొక్కు అంటే తెలిసి, స్వేచ్ఛగా, సాధ్యమైన ఒక మంచి పని గురించి దేవుడికి ఇచ్చిన మాట. కష్టంలో ఉన్నప్పుడు ‘ఇకపై ఇలా ఉంటాను’ అని అనుకునే తీర్మానం వేరు, దేవుడికి కట్టుబడతానని చేసుకున్న మొక్కు వేరు. మీరు చేసుకున్నది ఏదన్నది మీకే తెలుసు. మొక్కే అనుకుందాం. అది మీ ఒక్కరినే కట్టిపడేస్తుందని 1193వ నిబంధన. మీ వారిని, అమ్మాయిని, అత్తగారిని అది కట్టదు. 1197 ప్రకారం మీరు మొక్కుకున్న పనిని దానికి సమానమైన లేదా మెరుగైన మరో మంచి పనిగా మీరే మార్చుకోవచ్చు. అంతకంటే తేలికైన దానిగా మార్చాలన్నా, అసలు మినహాయింపు కావాలన్నా, 1196 ప్రకారం సరైన కారణం ఉంటే ఆ అధికారం మీ విచారణ గురువులకే ఉంది. బిషప్ గారికీ ఉంది. ఒకసారి మొక్కుకుంటే చచ్చేదాకా అదే రూపంలో మోయాల్సిందేనని తిరుసభ ఎప్పుడూ అనలేదు.

పైగా మీరు అన్నది ‘ఓపిక ఉన్నంతకాలం’ అని. ఐదు పనులని అనలేదు, గాయక బృందం అని అనలేదు. మీ మొక్కును మీరు అన్నదానికంటే కఠినంగా చదువుతున్నది మీరే.

ఇక పనుల సంగతి. ఇప్పుడున్నట్టే అన్నీ కొనసాగించవచ్చు. ఎవరూ ఆపరు, కొందరు మెచ్చుకుంటారు కూడా. కానీ మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఈ ఏడాదితో ఆగదు. ఇంకొన్నేళ్లకు ఆమె ప్రశ్నలు అడగడం కూడా మానేస్తుంది. గుడి అంటేనే ఆమెకు విరక్తి పుట్టవచ్చు. సేవలో మునిగిపోయిన తల్లిదండ్రుల పిల్లలు విశ్వాసానికి దూరమవడం చాలామంది ఇళ్లలో చూస్తున్నాం. రెండో దారి, వచ్చే ఆదివారమే అన్నీ వదిలేయడం. కొన్ని వారాలు ప్రాణం హాయిగా ఉంటుంది. తర్వాత ఖాళీగా ఉన్న పీఠం చూసినప్పుడల్లా అపరాధ భావం మొదలవుతుంది. సత్యోపదేశం పిల్లలు మధ్యలో దిక్కులేనివాళ్లవుతారు. కోపంతో వదిలేసింది అన్న మాట మిగిలిపోతుంది. మీ స్వభావాన్ని బట్టి చూస్తే, మళ్లీ ఆరు నెలల్లో ఆ ఐదు పనులూ మీ దగ్గరికే తిరిగి వస్తాయనిపిస్తోంది.

ఇంకో దారి కొంతకాలం సెలవు తీసుకోవడం. అత్తగారు కాస్త కుదుటపడేదాకా లేక అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా అని తేదీ పెట్టి మరీ చెప్పడం. అలా చెబితే విచారణలో కూడా అర్థం చేసుకుంటారు. కానీ దీనికి ఒక పరిమితి ఉంది. తేదీ అయిపోగానే అవే ఐదు పనులు మీకోసం ఎదురుచూస్తుంటాయి, ఎందుకంటే ఆ మధ్యలో ఎవరూ నేర్చుకుని ఉండరు.

నాకు ఎక్కువ నచ్చే దారి, ఒక పని ఉంచుకుని, మిగిలినవి కొన్ని నెలల్లో ఒక్కొక్కటిగా అప్పగించడం. ఏది ఉంచుకోవాలో మీ ఉత్తరమే చెబుతోంది. పిల్లల గురించి రాసినప్పుడు మీ వాక్యాలు మారిపోయాయి. ఏ పిల్లవాడు ఏ ప్రశ్న అడిగాడో కూడా రాశారు. మిగతా పనుల గురించి రాసినప్పుడు ఎవరు ఏం అనుకున్నారో మాత్రమే రాశారు. ఆ తేడా మీకు కనిపించిందో లేదో నాకు తెలియదు.

అన్నిటికంటే ముందు వదలాల్సింది రసీదు పుస్తకాలు. ఆ నిధికి మీరే బాకీ ఉన్నారు, ఆ నిధి డబ్బు మీ చేతుల మీదుగానే వెళ్తోంది. మీరు ఎంత నిజాయితీపరులైనా రేపు ఏదైనా లెక్క తేడా వస్తే అందరి వేళ్లూ మీ వైపే చూపిస్తాయి. పౌలు గారు యెరూషలేములోని పేదల కోసం విరాళాలు పోగుచేసినప్పుడు ఆ డబ్బును ఒంటరిగా పట్టుకెళ్లలేదు. సంఘాలు ఎంచుకున్న సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నారు. ఎవరూ తమను నిందించకూడదని, దేవుడి ముందే కాదు మనుషుల ముందు కూడా మంచిది అనిపించుకోవాలని కొరింతీయులకు రాసిన రెండో లేఖ 8వ అధ్యాయంలో కారణం కూడా చెప్పారు. ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండాలని కానన్ చట్టం 537వ నిబంధన చెబుతోంది. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క వాళ్లకు చెప్పాలని 1287వ నిబంధన చెబుతోంది. కాబట్టి ‘ఈ పుస్తకాలు ఇకపై మండలి చూసుకుంటే బాగుంటుంది’ అని మీరు అంటే అది తప్పించుకోవడం కాదు, ఆ పని ఉండాల్సిన చోటికి చేర్చడం.

పీఠం బట్టలు, అలంకరణ, రోగుల సందర్శన వంతుల మీద నడిచే పనులు. ఇక్కడ విన్సెంట్ గారి జీవితంలోని ఇంకో సంఘటన గుర్తొస్తోంది. 1617 ఆగస్టులో ఆయన ఫ్రాన్సులో షాతియోన్ అనే చిన్న విచారణకు గురువుగా ఉన్నారు. ఒక ఆదివారం పూజకు తయారవుతుంటే, ఊరికి దూరంగా ఒక ఇంట్లో అందరూ జబ్బుపడి ఉన్నారని, చూసే దిక్కులేదని కబురొచ్చింది. ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. తర్వాత ఆయన అక్కడికి బయలుదేరితే దారి పొడవునా జనం. ఆహారం పట్టుకెళ్లేవాళ్లు, ఇచ్చి వచ్చేవాళ్లు. ఆయన సంతోషించారు, కానీ ఒక విషయం గమనించారు. ఇవాళ ఇంత వచ్చింది, ఇందులో చాలా పాడైపోతుంది, రేపు ఆ ఇల్లు మళ్లీ ఆకలితోనే ఉంటుంది. కొన్నాళ్లకే ఆయన విచారణలోని స్త్రీలను ఒకచోట చేర్చి, రోజుకొకరు చొప్పున వంతులు వేసుకుని రోగులను చూసుకునే పద్ధతి పెట్టారు. విచారణ స్థాయిలో ఆయన స్థాపించిన సేవాసంఘాలకు అదే మొదలు. ఆ స్త్రీలలో ఒక్కరే అంతా చేసి ఉంటే ఆ సేవ ఆమె ఆరోగ్యంతోపాటే ముగిసిపోయేది.

మీ విచారణలో ఇప్పుడు జరుగుతున్నది అదే. మీరు అన్నీ చేస్తున్నారు కాబట్టి ఇంకెవరూ నేర్చుకోవడం లేదు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే, మామ యిత్రో చూసి ఇది మంచిది కాదన్నాడు. నువ్వూ అలిసిపోతావు, నీతో ఉన్న ఈ ప్రజలూ అలిసిపోతారు అన్నాడు. మోషే అలిసిపోతాడన్నది మనకు సులువుగా అర్థమవుతుంది. ప్రజలు కూడా అలిసిపోతారని మనకు తట్టదు. పండగలకు మాత్రమే వచ్చే ఆ కుటుంబాలను ఎప్పుడైనా ఎవరైనా పని అడిగారా? మీ ఉత్తరంలో ఎక్కడా అది లేదు. పేరు పెట్టి పిలిచి, ‘వచ్చే నెల రెండో ఆదివారం పీఠం పువ్వులు మీరు పెట్టగలరా’ అని అడిగి చూడండి. కొందరు రారు. కానీ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నవాళ్లు కనీసం ఒకరిద్దరుంటారు.

అప్పగించాక మీకు కష్టమైనది ఒకటి ఉంటుంది. వాళ్లు మీలా చేయరు. పీఠం బట్ట మీద మడత సరిగా ఉండదు. పాట శ్రుతి తప్పుతుంది. అప్పుడు మళ్లీ మీరు ఇస్త్రీ పెట్టె పట్టుకోకండి. అది చూస్తూ ఊరుకోవడం కూడా ఈ విచారణ కోసం మీరు చేసే త్యాగమే, అది బహుశా మిగతావాటికంటే కష్టం.

డబ్బు విషయంలో ఒకటే గట్టిగా చెబుతాను. ఆ అప్పు గురించి మీ వారికి చెప్పండి. వేరే ఏది ఆలస్యమైనా ఇది ఆలస్యం కాకూడదు. ఆయన కోప్పడవచ్చు. కొన్ని రోజులు ఇల్లు బరువుగా ఉండవచ్చు. కానీ జీతం చీటీలో కోత చూసి ఆయనే కనిపెడితే, ఆ బరువు చాలా ఏళ్లుంటుంది. అపొస్తలుల కార్యాల 5వ అధ్యాయంలో అననీయ కథ మీకు తెలిసిందే. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చెప్పాడు. పేతురు గారు అతనితో అన్న మాట చాలామంది గమనించరు. అమ్మకముందు అది నీదే, అమ్మిన తర్వాత కూడా ఆ సొమ్ము నీ ఇష్టమే కదా అన్నారు. తక్కువ ఇచ్చినందుకు కాదు అతన్ని గద్దించింది, అబద్ధమాడినందుకు. ఇంత మాత్రమే ఇవ్వగలను అని చెప్పడం తప్పు కాదమ్మా. దాచడమే లోపల్లోపల పుండు చేస్తుంది.

మిగతా సగం మీద మీ ఇద్దరూ కూర్చుని ఆలోచించాలి. ఒకటి, చెప్పిన మొత్తం ఇస్తాం గానీ గడువు పెంచమని అడగడం. దానికి మీరు నెలనెలా కొంత కట్టుకుంటూ పోవాలి. ఏ నెలైనా ఆసుపత్రి ఖర్చు వస్తే ఆగిపోతుంది, మళ్లీ అపరాధ భావం. రెండు, ఇచ్చిన సగంతో ఆపి, మిగతాది మా వల్ల కాదు అని స్పష్టంగా చెప్పడం. ఒకసారి తల దించుకోవాల్సి వస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆడుతుంది. మూడు, ఆఫీసు అప్పు తీరేదాకా అన్నీ ఆపి ఆ తర్వాత చూడటం. న్యాయంగా అయితే ముందు తీర్చాల్సింది తీసుకున్న అప్పే. కానుక తర్వాత. నాకు మూడోదే సబబు అనిపిస్తుంది, కానీ నెలకు ఎంత మిగులుతుందో లెక్క తెలిసింది మీకు.

పౌలు గారు కొరింతీయులకు రాసిన ఆ రెండో లేఖ 8వ అధ్యాయంలోనే మాసిదోనియ సంఘాలను పొగిడారు. కడు పేదరికంలో ఉండి కూడా తమ శక్తికి మించి ఇచ్చారని. అది మీలాంటి వాళ్ల గురించే అన్నట్టుంటుంది. కానీ అదే అధ్యాయంలో, మనసు ఉంటే ఉన్నదాన్ని బట్టే అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదు అన్నారు. ఇతరులకు తేలిక చేసి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు అని కూడా అన్నారు. తర్వాతి అధ్యాయంలో బలవంతంగా, నొచ్చుకుంటూ ఇవ్వొద్దన్నారు. పూజ తర్వాత పేరు పిలిచి అడగడం ఆ మాటకు ఎదురు పోయే పద్ధతి. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినదానికీ ఎదురు పోయేదే. దాన్ని మార్చమని అడిగే హక్కు విశ్వాసులకు ఉంది. 212వ నిబంధన ఆ హక్కును స్పష్టంగా గుర్తించింది. కానీ ఇప్పుడు ఆ పోరాటం మీరు ఎత్తుకోకండి. అది మీ ఆరో పని అవుతుంది. మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో), విచారణ మండలిలో ఉన్నవాళ్లకు అది వదిలేయండి.

పదో వంతు గురించి కూడా రాశారు. తిరుసభ అవసరాలకు విశ్వాసులు తమ శక్తికొద్దీ తోడ్పడాలని తిరుసభ కోరుతుంది, ఇంత శాతం అని నిర్ణయించలేదు. మీ విషయంలో పదో వంతు మీ మొక్కులో భాగం కాబట్టి, పైన చెప్పినట్టు ఫాదర్ గారితో మాట్లాడి దాన్ని కొంతకాలం తగ్గించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో, మూడేళ్లకోసారి వచ్చే దశమ భాగం ఊళ్లోనే ఉంచి, గుడి సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, అనాథలకు, విధవలకు పెట్టమని ఉంది. మీ అత్తగారిని చూసుకోవడానికి పగటిపూట ఒక మనిషిని పెట్టుకోవడానికి ఆ డబ్బులో కొంత వాడవచ్చా అని అడగడంలో నాకు తప్పు కనిపించదు.

మీ కోపం గురించి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. కోపంతో చేసిన సేవ కూడా దేవుడికి చేరుతుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దవాడు ఉన్నాడు కదా. పొలం నుంచి వచ్చి, తిరిగొచ్చిన తమ్ముడి కోసం లోపల పాటలు వినపడితే కోపంతో గుమ్మం దాటలేదు. ఇన్నేళ్లు నీకు ఊడిగం చేశాను, నాకు ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అని తండ్రిని అడిగాడు. అతనికి కూడా మీలాగే వాళ్లెవరో వచ్చి గౌరవం అందుకుంటున్నారన్న బాధ. తండ్రి అతన్ని కసరలేదు. చిన్నవాడి కోసం పరుగెత్తినట్టే, ఇతని కోసం కూడా ఇంట్లోంచి బయటికి వచ్చాడు. నాకున్నదంతా నీదే అన్నాడు. మీ కోపాన్ని పాపంగా అణచిపెట్టడం మాని, ప్రార్థనలో ఉన్నదున్నట్టు చెప్పుకోండి. నాకు తోచినంతవరకు ఆ కోపం ఆ కుటుంబాల మీద కాదు. ‘వద్దు’ అనే అవకాశం ఎవరూ మీకు ఇవ్వలేదన్న బాధ అది. పనులు తగ్గితే అది చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు ఒప్పుకోలులో (ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకునేటప్పుడు) మాట్లాడవచ్చు.

ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా ముఖ్యం. మీ వారితో మాట్లాడకముందు ఫాదర్ గారి దగ్గరికి వెళ్లకండి. ఇంట్లో తెలియని విషయం గుడిలో తెలిస్తే ఆయనకు ఇంకా కష్టంగా ఉంటుంది. తర్వాత ఫాదర్ గారిని పూజ అయ్యాక గుంపులో కాకుండా, ముందే సమయం అడిగి, తీరిగ్గా కలవండి. అక్కడ పనులన్నీ కలిపి మాట్లాడకండి. మొక్కు మార్చుకోవడం ఒక విషయం, రసీదు పుస్తకాలు ఒక విషయం, గాయక బృందం ఇంకొకటి. కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఎందుకంటే ఆయన ముందు మీరు మళ్లీ ‘సరే ఫాదర్’ అనేస్తారు. ఆయన కాదన్నా, మొక్కు విషయంలో బిషప్ గారి దగ్గర అడిగే అవకాశం ఉంది. వీలైతే మీ వారిని వెంట తీసుకెళ్లండి. ఆయన రానంటే ఒక్కరే వెళ్లండి, కానీ లోపల ఏం మాట్లాడబోతున్నారో ఆయనకు ముందే చెప్పి వెళ్లండి.